ఫ్యాను కింద నిలిచే డిజైన్ గోడ: బొంత పని డైరీ

బొంతకు గడులు (గుడ్డ ముక్కలు కలిపి కుట్టే చదరాలు) కుట్టాక వాటిని ఏ వరుసలో కలపాలో నిలబెట్టి చూసుకునేందుకు నూగు బట్ట తొడిగిన పలక ఒకటి ఉంటుంది. దాన్నే డిజైన్ గోడ అంటారు. పిన్నులు, జిగురు లేకుండా నూలు ముక్క నూగుకు పట్టుకుని నిలుస్తుంది. అమెరికాలో కుట్టేవాళ్లు చూపించే గోడలన్నీ చూడడానికి సులువే. అయితే నేను చూసిన ఆ గదుల్లో నెత్తిన ఫ్యాను తిరగడం లేదు. హైదరాబాదులో మే నెలలో ఫ్యాను ఆపి కుట్టడం నా వల్ల కాదు. కాబట్టి ఈ డైరీ మొత్తం ఒక రకంగా ఫ్యానుతో జరిగిన బేరమే.

మా అమ్మ ఇప్పటికీ పాత చీరలు నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి బొంత కుడుతుంది. ఆమెకు ఏ గోడా అవసరం లేదు. నాకు మోకాళ్లు సహకరించవు, గదిలో అంత నేలా లేదు.

ముందుగా కొలతలు

గది పది అడుగులు, పదకొండు అడుగులు. బీరువాకూ కిటికీకీ మధ్య ఖాళీ గోడ 84 అంగుళాలు. అద్దె ఇల్లు కనుక గోడకు కొత్త మేకు కొట్టకూడదు. అంటించే పట్టీలు లప్పంతో సహా ఊడి వస్తాయని వంటింట్లో ఒకసారి తెలుసుకున్నాను. ఇదివరకు ఉన్నవాళ్లు కొట్టి వదిలేసిన మేకులు మాత్రం రెండున్నాయి. నేల నుంచి 95 అంగుళాల ఎత్తున, ఒకదానికొకటి 62 అంగుళాల దూరంలో. ఇంటి యజమానురాలు వాటి గురించి ఇంతవరకు అడగలేదు.

బొంత 60 అంగుళాల వెడల్పు, 84 పొడవు. కుట్టాక ఒక్కో గడి 6 అంగుళాలు. వరుసకు పది, మొత్తం పద్నాలుగు వరుసలు, 140 గడులు. గుడ్డలు: మంగళగిరి నూలు, పోచంపల్లి ఇకత్, పెడన అచ్చు కలంకారీ, నారాయణపేట చీర ఒకటి, అత్తగారి వెంకటగిరి చీర ఒకటి.

మొదటి దశ: ఏ నూగు పట్టుకుంటుంది?

ఐదు రకాల గుడ్డలు అర మీటరు చొప్పున తెచ్చాను. పిల్లల పరీక్ష అట్టలకు ఒక్కోటి తొడిగి, ఒక్కో అట్ట మీద రెండున్నర అంగుళాల నూలు ముక్కలు ఇరవై పెట్టాను. అట్టను నిటారుగా నిలబెట్టి, ఫ్యాను మూడో నంబరులో పది నిమిషాలు. ఇరవైలో నిలిచినవి:

ఫెల్టు గుడ్డ: 9
ఫ్లానెల్ (నూగు లేపిన నూలు గుడ్డ), కొట్టు నుంచి తెచ్చింది తెచ్చినట్టే: 11
ప్లాస్టిక్ టేబుల్ కవరు, వెనుక నూగు వైపు: 13
పసిపిల్లల దుప్పటి గుడ్డ: 14
దిండ్లలో వేసే పాలిస్టర్ దూది షీటు: 19

దూది షీటు గెలిచిందనుకుని ముక్కలు తీసి చూస్తే ప్రతి దాని వెనుకా తెల్లటి వెంట్రుకలు. నల్ల ఇకత్ ముక్క పిల్లి పడుకుని లేచిన చాపలా ఉంది. పైగా ముక్కను లాగినప్పుడల్లా షీటు సాగుతోంది. అది పక్కకు.

ఫెల్టు కథ వేరు. ఏప్రిల్ చివర్లో మొదటిసారి చూసినప్పుడు 15 నిలిచాయి. ఓ రాత్రి వాన పడి గాలిలో తేమ పెరిగాక అదే పరీక్షలో 9. పొడి గాలిలో ముక్కను పట్టి ఉంచింది నూగు కాదు, పాలిస్టర్‌లో పుట్టే విద్యుదావేశం. తేమ రాగానే అది పోతుంది. వేసవిలో ఫెల్టు కొని మురిసేవాళ్లకు జూలైలో కష్టం మొదలవుతుంది.

ఫ్లానెల్‌కు కొట్టులో వచ్చిన గంజి ఉంటుందని అనుమానం వచ్చి వేడినీళ్లలో ఒకసారి ఉతికి, ఇస్త్రీ చేయకుండా ఆరేసి, బట్టల బ్రష్షుతో ఒకే వైపుకు దువ్వాను. మళ్లీ అదే పరీక్ష: 18. అట్టను తలకిందులు చేసి నిలబెడితే 15. అంటే నూగు పైకి చూస్తూ ఉండాలి, కిందికి కాదు. కుక్కను తోక వైపు నుంచి నిమిరితే చేతికి తగిలే వెంట్రుక లాంటిది అది.

ఖర్చు: ఫెల్టు 40, ఫ్లానెల్ 75, టేబుల్ కవరు 90, దుప్పటి గుడ్డ 85, దూది షీటు 60. మొత్తం 350 రూపాయలు.

రెండో దశ: వేలాడదీసిన గుడ్డ (విఫలం)

ఫ్లానెల్ ఐదు మీటర్లు, పన్నా (గుడ్డ వెడల్పు) 58 అంగుళాలు. జనరల్ బజారులో దొరికిన రంగులు మూడే: తెలుపు, లేత గులాబీ, లేత నీలం. పసిపిల్లల బట్టలకే దీన్ని కొంటారు కాబట్టి అంతే. బూడిద రంగు కోసం నాలుగు కొట్లు తిరిగి తెలుపుతో సరిపెట్టుకున్నాను. ఉతికాక ఐదు మీటర్లు 4.76 అయింది. పన్నా కూడా ఒక అంగుళం తగ్గింది. ఉతకకుండా బిగించి ఉంటే తర్వాత ఏ తడి తగిలినా ముడుచుకునేది.

1. రెండు పొడుగులుగా కత్తిరించి పక్కపక్కన కలిపి కుట్టాను.
2. పై అంచుకు నాడా గొట్టం కుట్టి పాత కర్టెన్ రాడ్డు దూర్చాను.
3. రాడ్డును ఆ రెండు మేకులకు కట్టాను.
4. సుద్దతో 60 x 84 హద్దు గీసి, లోపల ఆరు అంగుళాలకో గీత గీశాను.

మొదటి వరుస పెట్టగానే తప్పు బయటపడింది. పదో గడి హద్దు దాటి ఐదు అంగుళాలు బయటికి వచ్చింది. ఆరు అంగుళాలన్నది కుట్టిన తర్వాతి కొలత. కుట్టుకు నాలుగు వైపులా పావు అంగుళం వదులుతాం కనుక గోడ మీద గడి ఆరున్నర ఉంటుంది. పది గడులు 65, పద్నాలుగు వరుసలు 91. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషి చేయాల్సిన పొరపాటు కాదు. సుద్ద దులిపి ఆరున్నరకు మళ్లీ గీశాను. ఈ సంగతి ఆరో దశలో మళ్లీ వస్తుంది.

అసలు దెబ్బ ఫ్యానుది. గాలి గోడకు కొట్టుకుని గుడ్డ వెనక్కి దూరింది. గుడ్డ తెరచాపలా ఉబ్బడం, తగ్గడం, ఉబ్బడం. అరవై గడులు పెట్టి పడుకున్నాను. తెల్లారేసరికి 41 నేల మీద. కింది అంచుకు రెండో రాడ్డు బరువుగా వేసినా 26 పడ్డాయి. వెనుక గట్టి పలక లేకుండా ఇది కుదరదని తేలింది.

ఖర్చు: ఫ్లానెల్ 750, నాడా 30. ఇప్పటికి 1,130.

మూడో దశ: థర్మోకోల్, పచ్చ జిగురు (ఘోర విఫలం)

మార్కెట్లో దొరికే థర్మోకోల్ షీటు మీటరు పొడవు, అర మీటరు వెడల్పు. అంగుళం మందం తీసుకున్నాను. పిన్ను గుచ్చినప్పుడు సగం అంగుళం షీటైతే మొన గోడకు తగులుతుంది. షీట్లను అడ్డంగా ఒకదానిపై ఒకటి ఐదు పేరిస్తే 98 అంగుళాల ఎత్తు, వెడల్పు 39కి కాస్త ఎక్కువ. అలాంటివి రెండు పలకలు పక్కపక్కన పెడితే దాదాపు 79. గోడ 84. సరిపోయింది. పది షీట్లు ఆటోలో తెచ్చాను. అవి ఎగిరిపోకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నన్ను చూసి సిగ్నల్ దగ్గర పక్క బండి అతను "వినాయకుడి మంటపమా అమ్మా, అప్పుడేనా?" అన్నాడు.

ఫ్రిజ్ అట్టపెట్టె విప్పి వెనుక పలకగా పెట్టుకున్నాను. సోఫాలు బాగుచేసేవాళ్లు వాడే పచ్చటి రబ్బరు జిగురు అర లీటరు తెచ్చి, బ్రష్షుతో మూడు షీట్లకు పూశాను. అంటించే ముందు పది నిమిషాలు ఆరనివ్వాలని డబ్బా మీద ఉంది. ఆ పది నిమిషాలూ టీ పెట్టుకుంటూ గడిపాను. గదిలోకి వచ్చేసరికి చిన్నగా చిటపట శబ్దం. బ్రష్షు నడిచిన దారి వెంట షీటు లోపలికి కుంగిపోతోంది. వేలు పెడితే జిగటగా, తేనెపట్టు కరిగినట్టు. ఒకచోట అవతలి నేల కనిపించింది.

తర్వాత అర్థమైన సంగతి ఇది. థర్మోకోల్ అంటే పాలిస్టైరీన్. షీటులో నూటికి 98 వంతులు గాలే, ప్లాస్టిక్ గోడలు పలుచటి పొరలు. రబ్బరు జిగురును పలుచన చేయడానికి కలిపే టోలుయీన్ లాంటి ద్రావకాలు ఆ పొరల్ని కరిగిస్తాయి. పొర కరిగితే గాలి బయటికి పోయి షీటు కూలిపోతుంది. చిటపట అదే. వాసన తలకెక్కింది, కిటికీలు రెండు గంటలు తెరిచే ఉంచాను.

కొత్త షీట్లకు వెళ్తే కొట్టు అతను నా చేతి మీది జిగురు మరక చూసి అన్నాడు: "దీనికి తెల్ల జిగురే వేయాలమ్మా. ముందే అడిగితే చెప్పేవాణ్ణి కదా."

ఖర్చు: షీట్లు పది 700, పచ్చ జిగురు 220, ఆటో 150. ఇప్పటికి 2,200.

నాలుగో దశ: రీపర్ల చట్రం

అట్టపెట్టె ఆలోచన వదిలేశాను. తెల్ల జిగురుతో అతికించి ఒక పలక చేసి చూస్తే, నిలబెట్టిన గంటకు నడుము వంగింది. చట్రం కావాలి. కలప అడితిలో ఎనిమిది అడుగుల రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) ఏడు తీసుకున్నాను. ఒకటిన్నర అంగుళం వెడల్పు, ఒక అంగుళం మందం. ఎంచుకునేటప్పుడు ఒక చివర కంటికి ఆనించి పొడుగునా చూడండి. నేను అలా చూడకుండా తెచ్చిన ఒక్క రీపరు విల్లులా ఉంది, దాన్ని మధ్య అడ్డలకు కోసి వాడాల్సి వచ్చింది.

చట్రం ఎత్తు 96 అంగుళాలే కాబట్టి అన్నిటికంటే కింది షీటును ఆ మేరకు కోశాను. థర్మోకోల్‌ను కత్తితో ఒక్క దెబ్బకు కోయాలనుకుంటే అంచు బియ్యపు గింజల్లా రాలుతుంది. కొత్త బ్లేడు పెట్టి, స్కేలు ఆనించి, ఒత్తకుండా నాలుగైదు సార్లు గీయాలి. గింజలు తడిగుడ్డతో ఎత్తాలి. చీపురుతో ఊడ్చితే గది చుట్టూ తిరిగి మళ్లీ చీపురుకే అంటుకుంటాయి.

ఒక పలకకు చేసిన క్రమం:

1. నిలువు రీపర్లు రెండు, అడ్డ రీపర్లు మూడు (పైన, మధ్యలో, కింద). ముందు రంధ్రం చేసి స్క్రూ బిగించాలి. నేరుగా బిగిస్తే రీపరు చీలుతుంది. నాది ఒకటి చీలింది.
2. చట్రం మూలమట్టంగా ఉందో లేదో చూడడానికి మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవాలి. రెండు కొలతలూ ఒకటే రావాలి. నాకు మొదట ముప్పావు అంగుళం తేడా వచ్చింది. స్క్రూలు వదులు చేసి, నెట్టి, మళ్లీ బిగించాను.
3. తెల్ల జిగురు రీపరుకు మాత్రమే పూసి షీటు ఆనించాలి. షీటు నీటిని పీల్చదు, కలప పీలుస్తుంది. అందుకే ఆరుతుంది.
4. పైన పుస్తకాలు పేర్చి ఒక రోజు మొత్తం కదపకూడదు. ఆరు గంటలకే ఎత్తిన పలకలో మధ్య షీటు ఊడింది.
5. షీట్ల మధ్య అతుకుల మీద కాగితం టేపు అంటించాలి. లేదంటే ఆ గాడి ఫ్లానెల్ కింద నుంచి గీతలా కనిపిస్తుంది.

ఫ్లానెల్ సంగతి. రెండో దశలో కలిపిన కుట్టు విప్పాను. ఉతికాక ఒక్కో పొడుగు 93 అంగుళాలకు కాస్త ఎక్కువ. మందం, వెనక్కి మడత కలుపుకుంటే ఒక పలకకు 102 కావాలి. కొత్త గుడ్డ కొనబోయి ఆగాను. పలకకు 45 అంగుళాల వెడల్పు చాలు, పన్నా 57 ఉంది. పక్కన మిగిలే 12 అంగుళాల పట్టీలోంచే కోసి కింద అతుకు వేశాను. బొంత కుట్టేవాళ్లకు అతుకు వేయడం నామోషీ ఏముంది? ఆ కుట్టు నేలకు దగ్గర్లోనే పడింది, అక్కడ గడులు రావు. అతుకు వేసేటప్పుడు నూగు దిశ మాత్రం చూసుకోండి.

ఎదురింటి వడ్రంగిని స్టేప్లర్ గన్ అడిగి తెచ్చుకున్నాను. మొదటి పలకకు గుడ్డను డోలు తోలులా లాగి కొట్టాను. షీటు అంచులు నలిగి గుండ్రంగా అయ్యాయి, పలక మళ్లీ కొంచెం వంగింది. రెండోదానికి ముడత పోయేంత వరకే లాగాను. మొదటిది విప్పి మళ్లీ చేశాను. స్నానాల గది తూకం మీద ఒక్కో పలక ఆరు కిలోలకు కాస్త తక్కువ.

ఖర్చు: షీట్లు మూడు 210, రీపర్లు ఏడు 770, తెల్ల జిగురు 240, స్క్రూలు 60, ఆటో 120. ఇప్పటికి 3,600. ఇందులో పచ్చ జిగురు, కరిగిన మూడు షీట్లు, రెండో ఆటో కలిపి 550 నా తొందరపాటుకు కట్టిన పన్ను.

ఐదో దశ: నిటారుగానా, వాల్చా?

మొదటి దశలో చేసిన పరీక్షలో ఉన్న లోపం ఇక్కడ తెలిసింది. అప్పుడు పెట్టినవి విడి ముక్కలు. ఇప్పుడు పెడుతున్నవి కుట్టిన గడులు. వాటి వెనుక కుట్టు మడతలు లేచి ఉంటాయి కాబట్టి గడి మొత్తం నూగుకు ఆనదు. నిటారు పలక మీద ముప్పై గడులు పెడితే గంటలో 17 మిగిలాయి. కుట్టు మడతలను ఒక వైపుకు కాకుండా రెండు వైపులకు విప్పి ఇస్త్రీ చేసిన ముప్పై గడుల్లో 21 మిగిలాయి. కొంత నయం.

తర్వాత ఆ రెండో ముప్పైతోనే పలక అడుగును గోడ నుంచి ముందుకు జరుపుతూ చూశాను:

4 అంగుళాలు: 24
8 అంగుళాలు: 28
12 అంగుళాలు: 29

ఎనిమిది దగ్గర ఆగాను. 96 అంగుళాల పలకకు అది ఐదు డిగ్రీలలోపు వాలు. కంటికి పెద్దగా తెలియదు. పన్నెండు పెడితే కాలు తగులుతోంది.

ఆ రాత్రే ఒక పలక టైల్సు మీద జారి ధడేల్మంది. థర్మోకోల్ కాబట్టి పడిన చప్పుడు తప్ప నష్టం లేదు, కానీ కింద ఎవరైనా పడుకుని ఉంటే? పంక్చరు షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగి, ముక్కలు కోసి రీపర్ల అడుగున స్టేపుల్ చేశాను. పైన రెండు మేకులకు నాడాతో కట్టాను. రెండు పలకలను మధ్యలో వెనుక నుంచి మరో నాడాతో ముడివేశాను. ఇక కదలలేదు.

ఖర్చు: స్టేపుల్ పిన్నులు 50, గాజు తల గుండుసూదులు 120. ఇప్పటికి 3,770.

ఆరో దశ: పెంకుల వరుస

గడులన్నీ ఆరున్నర అంగుళాల గీతల్లో పెట్టి ఏడడుగులు వెనక్కి వెళ్లి చూస్తే ఏదో తప్పుగా ఉంది. గడుల సందుల్లోంచి తెల్ల ఫ్లానెల్ కనిపిస్తోంది. ప్రతి గడికీ పావు అంగుళం అదనపు అంచు చుట్టూ ఉంది. కుట్టాక అది లోపలికి పోతుంది. కలంకారీ తీగలు పక్క గడిలోకి సాగుతాయని నేననుకున్న చోట కోతపడ్డట్టు ఆగిపోతున్నాయి.

అందుకని పక్కపక్క గడులను అర అంగుళం ఒకదానిపై ఒకటి ఎక్కించాను. తెలుపు మాయమైంది. మొత్తం కొలత 65 x 91 నుంచి తిరిగి దాదాపు 60 x 84కు వచ్చింది. రెండో దశలో దులిపేసిన ఆరు అంగుళాల సుద్ద గీతలే చివరికి సరైనవి!

కానీ ఎక్కించిన అంచు నూగును తాకదు, ఫ్యాను గాలికి లేస్తుంది. మొదట పై వరుస నుంచి మొదలుపెట్టి ప్రతి వరుసా దాని పై వరుస మీదికి వచ్చేలా పెట్టాను. రాత్రికి 140లో 33 పడ్డాయి. గాలి వచ్చేది పై నుంచి. ప్రతి గడి పై అంచూ దానికి నోరు తెరిచి ఉంది. మర్నాడు తిరగేసి పై వరుస కింది అంచు, కింది వరుస పై అంచును కప్పేలా పెట్టాను. పెంకుటింటి మీద వాన జారినట్టు గాలి జారిపోయింది. పడినవి 9.

కాబట్టి పేర్చడం కింది వరుసతోనే మొదలుపెట్టాలి, పైది కిందిదాన్ని కప్పాలి. పెంకులు నేసేవాళ్లూ చూరు నుంచే మొదలుపెడతారు.

సుద్ద గీతలు చేయి తగిలితే పోతున్నాయి. బూడిద రంగు దారంతో పన్నెండు అంగుళాలకు ఒక కచ్చా కుట్టు గీత అడ్డంగా, నిలువుగా వేశాను. నిలువు గీతకు దారం చివర తాళంచెవుల గుత్తి కట్టి వేలాడదీసి గుర్తు పెట్టుకున్నాను. పలకకు బిగించక ముందే ఈ కుట్లు వేసి ఉంటే సగం సమయం మిగిలేది. ఇప్పుడు వంపు సూదితో వేయాల్సి వచ్చింది.

ఏడో దశ: మొండి గుడ్డలు

పడిన తొమ్మిదింటిలో ఏడు వెంకటగిరి చీరవి, జరీ అంచు ఉన్నవి. మిగిలిన రెండు గంజి పెట్టిన నారాయణపేట. జరీ బరువు, పైగా నున్నన. దానికి నూగు పట్టు దొరకదు. వాటికి పై రెండు మూలల్లో గుండుసూది, మొన కిందికి వాలేలా ఏటవాలుగా. అంతకుమించి మార్గం లేదు.

గంజి చిక్కు వేరు. వెంకటగిరి, నారాయణపేట గుడ్డలకు గంజి లేకపోతే కోసేటప్పుడు కత్తెర కింద జరుగుతాయి, కొలత పోతుంది. గంజి ఉంటే గోడ మీద జారుతాయి. గడి కుట్టాక వెనుక వైపు తడిగుడ్డతో తుడిచి, ఇస్త్రీ లేకుండా ఆరనిచ్చి చూశాను. సగం నిలిచాయి, సగం ముడుచుకున్నాయి. ఇప్పుడు వాటికీ సూదులే.

తెల్ల ఫ్లానెల్ వల్ల మరో ఇబ్బంది: ఫోనులో ఫొటో తీస్తే ముక్కలన్నీ ముదురుగా వస్తాయి. తెర మీద మధ్య గడిని వేలితో తాకి తీయాలి. అదే ఫొటోను నలుపు తెలుపుగా మార్చి చూస్తే కుడివైపు కింద ముదురు గడులు ఐదు గుంపుగా ఉన్నాయని తెలిసింది. రంగుల్లో చూసినప్పుడు అవి ఎరుపు, నీలం, ఆకుపచ్చ కాబట్టి నా కంటికి వేర్వేరుగానే ఉన్నాయి.

ఈ రోజుకు

సూదులు గుచ్చాక ఫ్యాను మూడో నంబరులో రాత్రంతా తిరిగితే పడినవి రెండు. నాలుగో నంబరులో ఆరు. ఐదో నంబరు పరీక్ష చేయలేదు, చేయబోవడం లేదు.

బొంత 84 అంగుళాలే కనుక కింద పన్నెండు అంగుళాలు ఖాళీ మిగిలింది. కింది వరుస పెట్టడానికి ముక్కాలి పీట మీద కూర్చుంటే చాలు. పై మూడు వరుసలకు మాత్రం నా చేయి అందదు, స్టూలు ఎక్కాలి. ఫ్యాను తిరుగుతుండగా ఎక్కకూడదు కాబట్టి ఆ పది నిమిషాలూ చెమటే.

నిన్నటి నుంచి గడులు దించుతున్నాను. ప్రతి వరుసకూ ఎడమ చివరి గడికి నంబరు చీటీ, పది గడులు ఒకదానిపై ఒకటి, ఎడమది పైన, మధ్యలో ఒక గుండుసూది. మూడు వరుసలు మిషను మీదికి వెళ్లాయి. నాలుగో వరుస చీటీ ఫ్యాను గాలికి ఎక్కడికో పోయింది. ఫొటో చూసి మళ్లీ రాశాను.